విద్యార్థుల వీడియో పాఠములు – గ్రామ గ్రంథాలయముల కర్తవ్యము

(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)

ఒక గ్రామములో గ్రంథాలయము నెలకొని ఇరువదియైదు సంవత్సరములు నిండుట సామాన్య విషయము కాదు. వానలు తప్పిన ఏండ్లు, పంట చేతికి రాని ఏండ్లు, చదువరులే బ్రతుకుతెరువునకై ఊరు విడిచిపోయిన ఏండ్లు అన్నియు గడచిన పిమ్మటనే కర్నూలు, కడప సీమలలో ఏ గ్రంథాలయమైనను రజతోత్సవమునకు నోచుకొనును. ఇట్టి శుభసమయమున గడచిన సేవను కొనియాడుటతోపాటు రానున్న కాలమున చేయవలసిన పనిని విచారించుట పెద్దలు చూపిన మార్గము. విద్యార్థులు తమ చేతులతో తాము తీయు వీడియో పాఠములు, వానికై గ్రంథాలయము నడుపదగిన యువజనుల పోటీ – ఇవియే ఈ ఉపన్యాసమునకు విషయములు.

పుస్తకములుండవలసిన చోట వీడియోల ప్రసక్తి యేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ సందేహమునకు గ్రంథాలయోద్యమ చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడలో వెలసినది. ఆ ఉద్యమమునకు నాయకత్వము వహించి, వయోజన విద్యకై పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883–1960) కర్నూలున జన్మించినవారే. పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేయుట గ్రంథాలయము కాదనియు, జ్ఞానము జనులను వెదకికొని పోవలెననియు ఆ తరమువారు తమ పనులచేతనే చాటిరి. 1935లో పెదవడ్లపూడి వద్ద కాలువపై పడవ గ్రంథాలయము సాగినది. బరోడా సంస్థానమున 1910 తరువాత ఏర్పడిన గ్రంథాలయ శాఖ దృశ్యబోధనకు ప్రత్యేక విభాగమునే నెలకొల్పి, మాజిక్ లాంతరు చిత్రములను గ్రామములకు పంపినది. కావున బొమ్మతో బోధించుట గ్రంథాలయమునకు క్రొత్తయు కాదు, తక్కువయు కాదు.

కెమెరా ఈ సీమకును పరాయిది కాదు. తెలుగు చలనచిత్రములకు గౌరవము తెచ్చిన బి.ఎన్. రెడ్డి, ఆయన సోదరుడు బి. నాగిరెడ్డి కడప జిల్లా పులివెందుల ప్రాంతపు బిడ్డలు. అన్నగారికి 1974 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించినది. తమ్ముడు 1947లో చక్రపాణితో కూడి "చందమామ"ను వెలువరించి, బొమ్మ ప్రక్కన అక్షరమును పెట్టి లక్షలాది పిల్లలకు చదువుపై ప్రీతి కలిగించెను.

అయితే ఇన్నాళ్ళును గ్రామములకు వచ్చిన దృశ్యపాఠములు ఎక్కడనుండి వచ్చినవి? 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు భారతదేశమున ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగము జరిగినది. అమెరికావారు ఎరవిచ్చిన ఏ.టి.ఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసారభాషలలో తెలుగు ఒకటి. కోళ్ళ గూళ్ళకు వాడు ఇనుప వలతో చేసిన పది అడుగుల గొడుగు వంటి యాంటెన్నా, దాని క్రింద ఊరందరికి ఒక టెలివిజన్ పెట్టె, ఉదయము బడిపిల్లలకు పాఠము, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము. ఆనాటికి అది మహాద్భుతము. కాని ఏడాది నిండినంతనే ఉపగ్రహము తరలిపోయినది; దానినుండి దిగివచ్చిన పాఠములును నిలిచిపోయినవి. ఆ పెట్టె వినిపించినది గాని గ్రామము చెప్పినది వినలేదు.

పిమ్మట దూరదర్శన్ విస్తరించినది. 2020లో కరోనా వ్యాధివలన బడులు మూతపడినపుడు సప్తగిరి ఛానలులో పాఠములు ప్రసారమైనవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన ట్యాబులు పంచబడినవి. ఈ ప్రయత్నములన్నియు మేలు చేసినవే. కాని వీనియందొక సామాన్య లక్షణము కలదు. పాఠము ఎక్కడనో తయారై వచ్చును. పల్లె పిల్లవాడు చూచువాడు మాత్రమే. అతనికి అర్థము కానిచోట ఆపి అడుగుటకు ఎవరును లేరు. అతని ఊరి చెరువు, అతని ఇంటి మాట, అతని తండ్రి పొలము ఆ పాఠములో కానరావు.

చూచువాడే చెప్పువాడైనచో ఏమగును? ఈ ప్రశ్నకు దేశములో కొన్ని సమాధానములు లభించినవి. గుజరాతులోని ఖేడా జిల్లాలో 1975 నుండి సాగిన టెలివిజన్ కార్యక్రమములందు గ్రామస్థులే తమ కష్టసుఖములను చెప్పుకొని, నటించిరి. 1984లో ఆ కృషికి యునెస్కో సంబంధమైన గ్రామీణ ప్రసార పురస్కారము లభించినది. తెలంగాణలో జహీరాబాదు సమీపమున పస్తాపూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములకు చెందిన స్త్రీలు కెమెరా పట్టిరి. వారిలో అనేకులు బడి ముఖము చూడని దళిత స్త్రీలు, చిన్నకారు రైతులు. వరంగల్లు ప్రాంతమున బీటీ పత్తి వేసిన రైతుల అనుభవములను 2002 తరువాత కొన్ని సంవత్సరములపాటు వెంటబడి చిత్రించి లోకమునకు చూపిరి. కెమెరా నిలుపు తీరులకు వారు పెట్టుకొన్న పేర్లు గమనింపదగినవి. పైనుండి క్రిందికి చూచిన దృశ్యము "పటేల్ షాట్". ఎదుటివాని కంటికి సమముగా నిలిపి తీసినది "సంఘం షాట్". సంఘములో అందరును సమానముగ కూర్చుందురు గనుక ఆ పేరు. చదువు రానివారు చెప్పిన ఈ చిన్న మాటలో ఎంత పెద్ద పాఠమున్నది!

2006లో బెంగుళూరున ప్రారంభమైన డిజిటల్ గ్రీన్ ప్రయత్నము మరియొక సంగతి తేల్చినది. వ్యవసాయ వీడియోలో ఎక్కడి పండితుడో కాక, అదే ప్రాంతపు రైతు మాటలాడినపుడు, ఒక మధ్యవర్తి చిత్రమును నడుమ నడుమ ఆపి ప్రశ్నలు వేసినపుడు, చూచినవారు ఆ పద్ధతిని ఎక్కువగా ఆచరణలో పెట్టిరి. తమవంటివాడు చేసి చూపిన పని తమకును సాధ్యమని మనుష్యుడు నమ్మును. యంత్రపు గొప్పతనముకంటె ఈ నమ్మకమే బలమైనది.

విద్యార్థుల విషయమునను ఇదే న్యాయము వర్తించును. పైగా వారికి మరియొక లాభము కలదు. పరులకు చెప్పవలసి వచ్చినపుడే తనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో మనుష్యునకు బోధపడును. ఇది ఈ దేశమున పాత సంగతి. వీధిబడులలో పెద్ద పిల్లవాడు చిన్నవారిచేత ఇసుకలో అక్షరములు దిద్దించుచుండెను. 18వ శతాబ్దము చివర మద్రాసులోని అనాథ బాలుర పాఠశాలను నడిపిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడగు మతాచార్యుడు ఇట్టి పద్ధతిని చూచి, తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండున వందలాది బడులకు వ్యాపించిన ఆ విధానమునకు "మద్రాసు పద్ధతి" యనియే పేరు. పిల్లవాడు పిల్లవానికి చెప్పుట ఈ నేలనుండి లోకమునకు పోయిన విద్య. నేటి వీడియో దానికి క్రొత్త పనిముట్టు మాత్రమే.

ఒక ఉదాహరణము చూడదగును. ఐదవ తరగతిలో భిన్నముల లెక్క కలదు. అరను, పావును కూడిన ఎంత? సూత్రము వల్లెవేసినవాడు ముప్పావు అని వెంటనే చెప్పును. అదే బాలునిచేత మూడు నిమిషముల వీడియో తీయించిన పిమ్మట చూడవలెను. అతడు అమ్మచేత జొన్నరొట్టె చేయించుకొని, దానిని సగము కోసి, మరియొక రొట్టెలో పావు కోసి, రెండు ముక్కలను ప్రక్కప్రక్కన పెట్టును. రెండు ముక్కలున్నవి గనుక రెండని చెప్పుటకు వీలులేదు. ముక్కలు సమానముగ లేవు. సగము ముక్కను మరల రెండుగ కోసినప్పుడే మూడును పావు ముక్కలై లెక్క కుదురును. హారములు సమానము చేయుట యనగా ఏమో ఆ కత్తి పట్టిన క్షణమున అతనికి తెలియును. చూచువారికంటె ముందు తీయువాడు నేర్చెను.

లోకములోను ఈ సత్యము గుర్తింపబడినది. 2015లో ప్రారంభమైన బ్రేక్‌త్రూ జూనియర్ ఛాలెంజ్ అను అంతర్జాతీయ పోటీలో 13 నుండి 18 ఏండ్ల బాలబాలికలు ఒక శాస్త్ర విషయమును కొద్ది నిమిషముల వీడియోలో వివరింపవలెను. గెలిచినవారి విద్యకు రెండున్నర లక్షల డాలర్లు, ఉపాధ్యాయునికి ఏబదివేలు, పాఠశాల ప్రయోగశాలకు లక్ష. 2018లో ఆ బహుమతి బెంగుళూరు బాలుడు సమయ్ గోడికకు దక్కినది; శరీరములో పగలు రాత్రి ననుసరించి నడచు గడియారమును అతడు వివరించెను. ఆ సొమ్ము పల్లెలకు అందనిది. కాని గురువునకును బడికిని గెలుపులో పాలు పంచిన ఆ నియమము ఏ పల్లెయైనను అనుసరింపదగినది.

కర్నూలు, కడప సీమలలో పిల్లలు తీయదగిన విషయములకు కొదువ లేదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండరాళ్ళపై క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుని శాసనములున్నవి. వానిలో ఒకదానియందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, ఎద్దులు సాలు మళ్ళినట్లు చెక్కబడినవి. సేద్యమెరిగిన పిల్లవానికి ఇంతకంటె సులభముగ లిపిచరిత్ర చెప్పుటకు వేరొక దారి కలదా? కడప జిల్లా కలమళ్ళ శాసనము తెలుగున లభించిన తొలి శాసనములలో ఎన్నదగినది. రేనాటి చోళుల కాలమున, క్రీ.శ. 575 ప్రాంతమున వ్రాయబడినది. చదువుకొను భాష ఎక్కడ మొదట రాతికెక్కెనో ఆ సీమ పిల్లలే లోకమునకు చూపవలెను.

కలివికోడి కథ మరియు ఆలోచింపదగినది. లంకమల కొండల దగ్గరి ముండ్లపొదలలో రాత్రివేళ తిరుగు ఈ పక్షిని 19వ శతాబ్దమున శాస్త్రజ్ఞులు వర్ణించిరి. 1900 తరువాత అది కానరాకపోవుటచే నశించినదని తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మరల దొరకెను. దానిని కనుగొన్నది గొప్ప యంత్రము కాదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు పల్లెలలో విచారింపగా, ఆ పొదల జాడ తెలిసిన స్థానికుడగు వేటగాడు దానిని పట్టి తెచ్చెను. తరువాతి పరిశోధకులు మెత్తని మట్టి పరచి అడుగుజాడలు చూచిరి. తమంత తాము ఫోటో తీయు కెమెరాలు అమర్చిరి. దాని కూతను రికార్డు చేసి, ఆ కూత వినిపించి ఇతర తావులందును దాని ఉనికిని విచారించిరి. పల్లెవాని ఎరుక, శాస్త్రజ్ఞుని పద్ధతి కలిసినప్పుడు పోయినదనుకొన్నది దొరకునని ఈ కథ చెప్పుచున్నది. విద్యార్థులు రాత్రివేళ అడవికి పోనక్కరలేదు, పోరాదు; ఆ పక్షిని కలతపెట్టరాదు. ఆ ఎరుక గల పెద్దలను పగటిపూట అడిగి చిత్రించినను చాలును.

ప్రాణములను కాపాడు విషయములును కలవు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరమును ముంచినవి. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములను తుడిచిపెట్టినది. నేడు ఎనిమిదవ తరగతి చదువు బిడ్డలు మొదటి వరదను ఎరుగరు. నీరు ఏ గోడపై ఎంత ఎత్తున నిలిచెనో, ఎవరు ఎటు పరుగెత్తి బ్రతికిరో, ఏ దారి మూసికొనిపోయెనో చూచినవారు ఉండగనే అడిగి, ఆ గుర్తు ప్రక్కన ఒక బాలికను నిలిపి ఎత్తు చూపినచో, అది చరిత్ర పాఠమును అగును, రేపటి హెచ్చరికయు అగును. ఆ పెద్దలు గతించిన పిమ్మట ఎంత ఖరీదు కెమెరా తెచ్చినను లాభము లేదు.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. కర్నూలు జిల్లా పడమటి మండలములగు ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి వానలు తప్పిన ఏట కుటుంబములు సుగ్గికి పోవుట అందరెరిగినదే. గుంటూరు మిరపచేలకు, పత్తిచేలకు, తెలంగాణ జిల్లాలకు బండ్లకెత్తుకొని పోవుదురు. తల్లిదండ్రుల వెంట పిల్లలును పోవుదురు. వారికై ప్రభుత్వము వసతిగృహములు నడిపినను అందరు పిల్లలును నిలువరు. నెలలు గడచి తిరిగివచ్చునప్పటికి తరగతిలో భిన్నములు ముగిసి దశాంశములు నడచుచుండును. తనకు తెలియనిది అడుగుటకు సిగ్గుపడి, వెనుక బల్లపై కూర్చుండి, తుదకు బడి మానును. ఒక బిడ్డ చదువు ఇట్లు నిశ్శబ్దముగ ఆరిపోవును. ఏ రిజిస్టరులోను దాని కారణము వ్రాయబడదు.

ఆ బిడ్డకై తోటి విద్యార్థులు తీసిపెట్టిన పాఠము గ్రంథాలయములో సిద్ధముగ ఉన్నచో ఏమగునో తలచుకొనవలెను. తన ఊరి రొట్టె, తన ఇంటి మాట, తన స్నేహితుని ముఖము. అర్థము కానిచో మరల మరల చూడవచ్చును, ఎవరును నవ్వరు. పరదేశమున నున్నపుడే తండ్రి సెల్‌ఫోనులో చూచుటకును వీలగును. ఉపాధ్యాయుని స్థానమును ఇది తీసికొనలేదు. కాని తిరిగివచ్చిన బిడ్డ మరల తరగతిలో తలయెత్తి కూర్చుండునంతవరకు చేయూత నీయగలదు.

కావున గ్రామ గ్రంథాలయము నడుపు పోటీకి తీర్పరి యెవరను ప్రశ్నకు సమాధానము ఇందే కలదు. ఆ పాఠము తప్పిన విద్యార్థియే తీర్పరి. వీడియో చూపకముందు అట్టి పిల్లలకు మూడు ప్రశ్నలు వేయవలెను. చూపిన పిమ్మట అవే ప్రశ్నలు మరల వేయవలెను. ఎంతమందికి క్రొత్తగ తెలిసినదో లెక్కించి సగము మార్కులు దానికే ఈయవలెను. మిగిలిన సగములో విషయపు సత్యమునకు పెద్ద పాలు, చిత్రణ నేర్పునకు చిన్న పాలు చాలును. సంగీతపు హోరు, రంగుల తళుకు, ఇంటర్నెట్టులో వచ్చు లైకుల సంఖ్య లెక్కకు రారాదు.

నియమములు కొద్దిగ, గట్టిగ నుండవలెను. ఒక్కొక్క జట్టున నలుగురు. అందు ఇద్దరైనను బాలికలు. కెమెరా పట్టు పని బాలికలకును తప్పక వంతు రావలెను. ఒక వీడియోలో ఒకే ప్రశ్న. నిడివి ఐదు నిమిషములకు మించరాదు. చెప్పిన ప్రతి సంగతికిని గ్రంథాలయములోని ఒక పుస్తకమైనను, ఆ విషయమెరిగిన ఇరువురు పెద్దలైనను ఆధారముగ నుండవలెను. మాటలాడినవారి అనుమతి లేనిదే వారి ముఖము చూపరాదు. బావులు, కరెంటు తీగెలు, పాముల దగ్గర చిత్రణము నిషేధింపవలెను. ఇంట ఫోను లేని పిల్లలకు గ్రంథాలయమే ఒక ఫోనును, చిన్న మైకును పుస్తకము నిచ్చినట్లే ఎరవీయవలెను. లేనిచో ఇది ఉన్నవారి పిల్లల పోటీయే యగును. బహుమతి పుస్తకముల రూపమున నుండవలెను. గురువునకొక పాలు, బడికొక పాలు.

ప్రదర్శనము గ్రంథాలయపు ఆవరణలో, ఊరందరి యెదుట, తెల్లగుడ్డపై జరుగవలెను. పెద్దలు తప్పు పట్టవచ్చును, పట్టవలెను. "ఆ చెరువు తూము అటు కాదు నాయనా, ఇటు" అని ఒక వృద్ధుడు లేచి చెప్పినచో ఆ సవరణను వ్రాసికొని, ఆ జట్టు వీడియోను దిద్దవలెను. అచ్చుకు ముందు ప్రూఫు చూచినట్లే ఇదియు. ఊరు చూచి ఒప్పుకొన్న పాఠమే గ్రంథాలయమున చేరవలెను.

ఆ పిమ్మటి పని గ్రంథపాలకునిది. పుస్తకమునకు వలెనే ప్రతి వీడియోకును అక్సెషన్ రిజిస్టరులో వరుస సంఖ్య, తేదీ, విషయము, తీసినవారి పేర్లు, ఆధారములు వ్రాయవలెను. రెండు వేర్వేరు చోట్ల రెండు ప్రతులు దాచి, ఏటేట తెరచి చూచి, అవసరమైనచో క్రొత్త సాధనములోనికి ఎక్కింపవలెను. తాటాకు గ్రంథమునకు తరతరమున ప్రతి వ్రాసి కాపాడినట్లే దీనిని కాపాడవలెను. ఫోనులో వదలిన వీడియో ఫోనుతో పోవును. రిజిస్టరుకెక్కినది ఊరి ఆస్తియగును.

సెల్‌ఫోను పిల్లలను చెడగొట్టుచున్నదని తల్లిదండ్రులు వాపోవుట న్యాయమే. గంటల తరబడి పరుల ఆటలు చూచి కన్నులు, కాలము పాడుచేసికొను బిడ్డలు ప్రతి ఊరను కలరు. కాని ఆ ఫోను ఇంటిలోనికి వచ్చియేయున్నది, వెనుకకు పోదు. దానితో ఊరక చూచుచు కూర్చుండుటయా, ఒక ప్రశ్న పట్టుకొని ఊరు తిరిగి, పుస్తకము తెరచి, పెద్దలనడిగి, సరిచూచి, మరియొకనికి చెప్పుటయా – ఎంచుకొనవలసినది ఇంతియే. ఐదు నిమిషముల పాఠము తీయుటకు పిల్లవాడు ఐదు దినములు చదువవలసివచ్చును. ఆ ఐదు దినములును అతడు గ్రంథాలయపు మెట్లు ఎక్కును. పుస్తకమునకు వీడియో శత్రువు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇరువదియైదేండ్ల క్రిందట గ్రంథాలయమును స్థాపించినవారు ఊరికి పుస్తకములను తెచ్చిరి. రానున్న ఇరువదియైదేండ్లలో ఊరు తన పాఠములను తానే చేసి లోకమునకీయవలెను. మొదటి ఏట పది పాఠములు చాలును. సుగ్గినుండి తిరిగివచ్చిన ఒక్క బిడ్డ వానిలో ఒకదానిని చూచి, మరునాడు బడిలో ముందు బల్లపై కూర్చుండినచో ఆ పోటీ సఫలమైనట్లే. ఈ రజతోత్సవమును సార్థకమైనట్లే.